బండలాగుడు వీడియోలో స్పీడ్ ర్యాంప్ ఎందుకు తెగినట్టు వస్తోంది

కావలి నుంచి అడిగిన ప్రశ్న ఇదీ. స్పీడ్ ర్యాంప్ అంటే ఒకే షాట్‌లో వేగాన్ని పెంచి, తగ్గించి ఆడించడం. ఒంగోలు దగ్గర తిరునాళ్లలో జరిగిన బండలాగుడు పోటీని 1080లో సెకనుకు 50 ఫ్రేములతో తీశారు. ఎడిటింగ్ డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో. గిత్తలను బండ దగ్గరికి తోలుకొచ్చే భాగానికి 400 శాతం వేగం పెట్టారు, బండ కదిలే క్షణానికి 20 శాతానికి దించారు, ఆ తర్వాత మామూలు వేగం. స్లో భాగం తుంపులు తుంపులుగా ఆడుతోంది. ఆప్టికల్ ఫ్లో (లేని ఫ్రేములను ఊహించి గీసే పద్ధతి) పెడితే గిత్తల కాళ్లు, తాళ్లు మైనంలా కరుగుతున్నాయి. వేగం మారే చోట ఎవరో వెనక నుంచి తోసినట్టు ఉంది. "ప్లగిన్ కొనాలా, పెయిడ్ వెర్షన్ తీసుకోవాలా?" అన్నది చివరి మాట.

రెండూ అక్కర్లేదు. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు, ఫ్రేముల లెక్క తప్పడం. వేగం తగ్గించడమంటే ఉన్న ఫ్రేములను దూరం దూరంగా పరచడం, అంతకు మించి ఏమీ లేదు. పరచడానికి చాలినన్ని ఉంటే మెత్తగా ఉంటుంది, లేకపోతే సాఫ్ట్‌వేర్ ఉన్న ఫ్రేమునే మళ్లీ మళ్లీ చూపిస్తుంది, లేదా లేని ఫ్రేమును ఊహించి గీస్తుంది. మీకు మొదట కనబడినవి తుంపులు, అంటే మళ్లీ మళ్లీ చూపించడం. తర్వాత కనబడినవి కరిగే కాళ్లు, అంటే ఊహించి గీయడం.

లెక్క ఎలా వేయాలంటే: తీసిన ఫ్రేముల సంఖ్యను పెట్టిన వేగంతో గుణించండి. 50 ఫ్రేములు, 20 శాతం, అంటే సెకనుకు 10 అసలు ఫ్రేములు. టైమ్‌లైన్ (క్లిప్పులు పేర్చే పట్టీ) సెకనుకు 25 ఫ్రేములది అయితే 15 ఫ్రేములు తక్కువ పడ్డాయి. మీ టైమ్‌లైన్ 50లో ఉంటే 40 తక్కువ, అంటే ప్రతి ఫ్రేమూ ఐదుసార్లు కనబడుతుంది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి రెండోదే జరిగి ఉండాలి. రిజాల్వ్‌లో కొత్త ప్రాజెక్టు తెరిచి 50 ఫ్రేముల క్లిప్‌ను మొదటిసారి లోపలికి లాగగానే ప్రాజెక్టు ఫ్రేమ్ రేటు మార్చమంటావా అని ఒక పెట్టె వస్తుంది. చాలామంది చూడకుండా "చేంజ్" నొక్కేస్తారు. అంతటితో టైమ్‌లైన్ 50 అవుతుంది. 50లో తీసింది 50లో ఆడితే స్లోమోషన్‌కు మిగిలిన ఫ్రేము ఒక్కటీ ఉండదు. 50 శాతం పెట్టినా ప్రతి ఫ్రేమూ రెండుసార్లు రావాల్సిందే.

ఫైల్ మెనూలో ప్రాజెక్ట్ సెట్టింగ్స్, మాస్టర్ సెట్టింగ్స్ తెరిచి టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్ ఎంతుందో చూడండి. 50 ఉంటే అక్కడ మార్చడానికి వీలుండదు, క్లిప్పులు పడ్డాక అది బిగుసుకుపోతుంది. కానీ ప్రాజెక్టు మొత్తం పారేయక్కర్లేదు. కంట్రోల్ + ఎన్ నొక్కి కొత్త టైమ్‌లైన్ తెరవండి, "యూజ్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్" దగ్గర టిక్ తీసేయండి, ఫార్మాట్ ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్ 25 పెట్టండి. పాత టైమ్‌లైన్ నుంచి ర్యాంప్ ఉన్న క్లిప్‌ను కాపీ చేయవద్దు. మీడియా పూల్ నుంచి అసలు క్లిప్ తెచ్చి ర్యాంప్ మొదటి నుంచి కట్టండి. పది నిమిషాల పని, పాతదాన్ని సరిదిద్దడంకన్నా తొందరగా అవుతుంది.

25 టైమ్‌లైన్ మీద అతుకు లేకుండా దిగగల కనిష్ఠ వేగాలు ఇవి: 50లో తీస్తే 50 శాతం, 100లో తీస్తే 25 శాతం, 60లో తీస్తే 41.67 శాతం, 120లో తీస్తే 20.83 శాతం. అంతకన్నా కిందికి దిగితే ప్రతి శాతమూ అప్పే. మీ క్లిప్‌కు ఆ కనిష్ఠం 50. ఆప్టికల్ ఫ్లో సాయంతో 35, 40 దాకా లాగవచ్చు, అదీ బొమ్మ ఒప్పుకుంటే. 20కి మాత్రం దిగదు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. వేగం నిలకడగా ఉండే భాగాల్లో ఏ అంకె పడితే ఆ అంకె పెట్టకూడదు. 50లో తీసి 25 మీద ఆడిస్తున్నప్పుడు 50 శాతం అంటే ప్రతి ఫ్రేమూ, 100 అంటే ఒకటి విడిచి ఒకటి, 150 అంటే మూడోది మూడోది, 200 అంటే నాలుగోది నాలుగోది. అన్నీ సమానమైన అడుగులు. అదే 70 శాతం పెడితే అడుగు 1.4 ఫ్రేములు. సగం ఫ్రేము లేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఒకసారి ఒకటి, ఒకసారి రెండు దూకుతుంది. కెమెరా పక్కకు తిరుగుతున్న షాట్‌లో ఇది కుంటి నడకలా కనబడుతుంది. అందుకని మీ క్లిప్‌లో నిలకడ భాగాలన్నీ 50 గుణిజాల్లోనే ఉంచండి. వంద ఫ్రేముల క్లిప్ అయితే 25 గుణిజాలు. ఒక వేగం నుంచి ఇంకో వేగానికి జారే ఆ పది ఫ్రేముల్లో అడుగులు ఎలాగూ సమానంగా ఉండవు, అంత కొద్దిసేపట్లో కన్ను పట్టుకోదు.

ఫోన్‌తో 60లో తీసి 25 మీద వేసేవాళ్లకు మామూలు వేగంలోనే 2.4 అడుగు పడుతుంది, కాబట్టి ర్యాంప్ లేకుండానే కుదుపు. పూర్తిగా ఫోన్ క్లిప్పులే అయితే టైమ్‌లైన్ 30 పెట్టుకోవడం మేలు. ఐఫోన్‌లో కెమెరా సెట్టింగ్స్, రికార్డ్ వీడియో లోపల పాల్ (సెకనుకు 25, 50 ఫ్రేముల పద్ధతి) ఫార్మాట్లు చూపించు అనే మీట ఉంది, అది వేస్తే 25 కూడా దొరుకుతుంది.

ఇక ఏది స్లో చేయాలన్న ప్రశ్న. మీరు అది అడగలేదు, కానీ ఈ షాట్‌లో అసలు తప్పు అక్కడే మొదలైంది. బండ కదలడం నిజంలోనే నెమ్మది. గిత్తలు మోకాళ్లు వంచి, మెడ దించి, ఒళ్లంతా బిగబట్టి లాగితే బండ అంగుళం అంగుళం జరుగుతుంది. దాన్ని 20 శాతానికి దించితే ఏమీ జరగనట్టు, బొమ్మ ఆగిపోయినట్టు ఉంటుంది. నెమ్మదిగా కదిలేది కన్నుకు బరువుగా కనబడుతుంది, ఆ బరువు చూపడానికి 50 శాతం చాలు. ఇంకా కిందికి పోవాలంటే అదే క్షణంలో త్వరగా కదిలే వస్తువును ఎంచుకోండి: గిట్ట నేలను తన్నినప్పుడు లేచే మట్టి, చర్నాకోల విసురు, మెడలో ఎగిరే మువ్వల పట్టీ, వదులుగా ఉన్న తాడు ఒక్కసారిగా బిగిసి దులిపే దుమ్ము. వీటికి 25 శాతం కూడా తక్కువ కాదు, అయితే 100 ఫ్రేముల్లో తీసి ఉండాలి. వచ్చే పోటీకి ఒక కెమెరాను 100లో పెట్టి, గిట్టల ఎత్తులో, బరికి పక్కగా ఉంచి, తాడూ గిట్టలూ మాత్రమే తీయండి. మొత్తం జత కనబడే వైడ్ షాట్‌ను 50లో తీస్తే సరిపోతుంది.

వేగం మారే చోటు కూడా ఇలాగే ఎంచుకోవాలి. కదలిక దిశ మారే చోట, లేదా బలం మొదలయ్యే చోట వేగం మారితే కన్ను దాన్ని ఒప్పుకుంటుంది. తాడు బిగిసే ఫ్రేము అలాంటిది. నడక మధ్యలో ఊరికే మారిస్తే ఎంత మెత్తని కర్వ్ వేసినా తోసినట్టే ఉంటుంది.

ఇప్పుడు ర్యాంప్ కట్టే పద్ధతి. కుడివైపు ఏ క్లిప్పూ లేని ఖాళీ ట్రాక్ మీద పని చేయండి, ఎందుకంటే వేగం మార్చిన ప్రతిసారీ క్లిప్ పొడవు మారుతుంది. క్లిప్‌కు ముందూ వెనకా కనీసం రెండేసి సెకన్లు అదనంగా ఉంచండి.

తాడు బిగిసే ఫ్రేము మీద క్లిప్ ఎంచుకుని ఎమ్ నొక్కి మార్కర్ పెట్టండి. స్లో అనేది ఆ ఫ్రేముకు చేరాక మొదలైతే ఆలస్యమైనట్టే, ఒక ఆరు ఫ్రేముల ముందే వేగం 50కి దిగి ఉండాలి. 400 నుంచి 50కి టైమ్‌లైన్ మీద పది ఫ్రేముల్లో జారుదాం అనుకుంటే సగటు వేగం 225 శాతం, అంటే ఆ 0.4 సెకన్లలో అసలు ఘటన 0.9 సెకన్లు ఖర్చవుతుంది. జారుడు మధ్యలో స్పీడ్ పాయింట్ (వేగం మారే గుర్తు) ఉంటుంది కాబట్టి, పాయింట్ తర్వాతి ఐదు ఫ్రేముల్లో సగటు 137.5 శాతం. అది అసలు ఫుటేజిలో దాదాపు 14 ఫ్రేములు. పైన అనుకున్న ఆరు కలిపితే 20. అంటే మార్కర్‌కు 20 అసలు ఫ్రేముల ముందు పాయింట్ పడాలి. 25 టైమ్‌లైన్ మీద క్లిప్ ఇంకా 100 శాతంలోనే ఉన్నప్పుడు, మార్కర్ నుంచి ఎడమ బాణం మీట పదిసార్లు నొక్కితే అక్కడికి వస్తారు.

అక్కడ ప్లేహెడ్ నిలిపి కంట్రోల్ + ఆర్ నొక్కండి. క్లిప్ మీద వేగం అంకె, దాని పక్కన చిన్న బాణం వస్తాయి. బాణం నొక్కి "యాడ్ స్పీడ్ పాయింట్" ఎంచుకోండి. రెండో పాయింట్ స్లో ముగిసే చోట. స్లో తెర మీద సెకనున్నర ఉండాలంటే 50 శాతంలో అసలు ఘటన 0.75 సెకన్లు, అంటే పాయింట్ల మధ్య దాదాపు 19 టైమ్‌లైన్ ఫ్రేములు. జారుడుకు పోయేది కూడా కలుపుకుని 25 పెట్టండి. పాయింట్లన్నీ 100 శాతంలోనే పెట్టేసి, ఆ తర్వాతే వేగాలు మార్చండి. మధ్యలో మార్చితే లెక్కించుకున్న చోట్లన్నీ జరిగిపోతాయి. ఇప్పుడు ఎడమ భాగం బాణం నొక్కి "చేంజ్ స్పీడ్"లో 400, మధ్య భాగానికి 50, చివరిది 100. ఇలా 400 భాగంతో మొదలెట్టి ఎడమ నుంచి కుడికి పోవడం మంచిది.

స్పీడ్ పాయింట్‌కు పైనొకటి, కిందొకటి పిడులు ఉంటాయి. పై పిడి లాగితే ఎడమ భాగం వేగం మారుతుంది. కింది పిడి లాగితే పాయింట్ వేరే ఫ్రేముకు జరుగుతుంది. తొంభై పాళ్లు గందరగోళం ఈ రెండూ కలగలపడం వల్లే. "పాయింట్ కొంచెం జరుపుదామంటే వేగం 387 అయింది" అంటే పై పిడి పట్టుకున్నారన్నమాట.

ఇప్పటికి వేగం మెట్టులా ఉంది: 400, వెంటనే 50. మీరు చెప్పిన ఆ తోపు ఇదే. క్లిప్ మీద కుడి క్లిక్ చేసి "రీటైమ్ కర్వ్" తెరవండి. మొదట కనబడేది రీటైమ్ ఫ్రేమ్ అనే గీత, దాన్ని ముట్టుకోవద్దు. మూలన ఉన్న చిన్న బాణంలో "రీటైమ్ స్పీడ్"కు టిక్ పెట్టి, రీటైమ్ ఫ్రేమ్ టిక్ తీసేయండి. ఇప్పుడు మెట్లు మెట్లుగా గీత కనబడుతుంది. మొదటి పాయింట్‌ను ఎంచుకుని పైనున్న వంపు బటన్ నొక్కితే మెట్టు వాలుగా మారుతుంది, పిడులు వస్తాయి. పిడిని ఇరుపక్కలా ఐదేసి ఫ్రేములకు లాగండి. రెండో పాయింట్ దగ్గర, 50 నుంచి 100కి ఎక్కేటప్పుడు, ఇరుపక్కలా ఏడెనిమిది. దిగడం చురుగ్గా, ఎక్కడం తీరిగ్గా ఉంటే బాగుంటుంది. రెండూ ఒకే పొడవుంటే బొమ్మ ఊయలలా ఊగుతుంది, పెళ్లి హైలైట్స్‌లో వరసగా నాలుగు ర్యాంపులు అలా పడితే చూసేవాళ్లకు తల తిరుగుతుంది.

పిడిని మరీ ఎక్కువ లాగితే ఇంకో తప్పు జరుగుతుంది. గీత 50 కన్నా కిందికి ఒక గుంటలా దిగి మళ్లీ పైకి వస్తుంది. తెర మీద ఒక క్షణం ఆగినట్టు, ఒక్కోసారి వెనక్కి నడిచినట్టు ఉంటుంది. గీత అడుగు ఎక్కడా 50 దాటి కిందికి పోకుండా చూసుకోండి.

అంతా అయ్యాక మార్కర్ ఫ్రేము దగ్గరికి వెళ్లి చూస్తే స్లో అప్పటికే పూర్తిగా వచ్చి ఉండాలి. రెండు మూడు ఫ్రేములు అటూ ఇటూ అయితే కింది పిడితో జరపండి.

తుంపులు ఇంకా ఉన్నాయా లేదా అన్నది ప్లేబ్యాక్‌లో తేల్చవద్దు. కంప్యూటర్ వెనకబడి ఫ్రేములు వదిలేస్తే అది కూడా తుంపుల్లాగే కనబడుతుంది. ప్లేబ్యాక్ మెనూలో రెండర్ క్యాష్ "స్మార్ట్" పెట్టి, క్లిప్ పైన ఎర్ర గీత నీలంగా మారేదాకా ఆగి చూడండి. ఇంకా నమ్మకం కలగకపోతే ఆ పది సెకన్లు రెండర్ చేసి వేరే ప్లేయర్‌లో చూడండి.

ఆప్టికల్ ఫ్లో గురించి. రెండు ఫ్రేముల మధ్య ఏ చుక్క ఎటు పోయిందో వెతికి, నడుమ ఎక్కడ ఉండి ఉంటుందో ఊహించి గీయడం దాని పని. చుక్కను గుర్తుపట్టగలిగినంత సేపూ అద్భుతంగా చేస్తుంది: మైపాడు తీరంలో ఒంటరిగా నడిచే మనిషి, రంగనాయకస్వామి గాలిగోపురం మీదుగా పైకి లేచే కెమెరా, ఖాళీ రోడ్డు మీద బండి. గుర్తు తప్పితే బొమ్మ కరుగుతుంది. ఒక కాలు ఇంకో కాలి వెనక్కి పోవడం, ఎనిమిది కాళ్లు కలగలిసి తిరగడం, ఒకే రకం పేటల తాళ్లు పక్కపక్కన కదలడం, అల నురుగు, చక్రం ఆకులు ఇవన్నీ దానికి కొరుకుడు పడవు. పెళ్లిలో తలంబ్రాలు మరీ కష్టం. వేల బియ్యపు గింజలు, అన్నీ ఒకేలా ఉంటాయి. ఏ గింజ ఏదో దానికి తెలియదు, గాలిలో పసుపు మబ్బు తేలినట్టు చేసి పెడుతుంది. తలంబ్రాలు స్లోమోషన్‌లో కావాలంటే 100 ఫ్రేముల్లో తీయడం తప్ప మార్గం లేదు. రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు నీళ్లలో దిగిన జనం కూడా అంతే, నీటి తళుకులు ఎక్కడివక్కడ చెదిరిపోతాయి.

మీ గిత్తల షాట్‌కు 50 శాతంలో ఉంటే ఆప్టికల్ ఫ్లో అవసరమే లేదు, నియరెస్ట్ (ఉన్న ఫ్రేమునే చూపించేది) చాలు. ఒక క్షణం 40కి దిగాలనిపిస్తే ఇన్‌స్పెక్టర్‌లో "రీటైమ్ అండ్ స్కేలింగ్" కింద రీటైమ్ ప్రాసెస్ ఆప్టికల్ ఫ్లో, మోషన్ ఎస్టిమేషన్ "ఎన్‌హాన్స్‌డ్ బెటర్" పెట్టి చూడండి. ఇలా ఊహించి గీసే ఇంకో పద్ధతి స్పీడ్ వార్ప్, అది పెయిడ్ వెర్షన్‌లోదే. అది మెరుగే, కానీ సెకనుకు 10 ఫ్రేముల నుంచి ఎనిమిది కాళ్లను అదీ సరిగా గీయలేదు. అందుకే కొనక్కర్లేదన్నది. ఇంకో కిటుకు: ఆప్టికల్ ఫ్లోకు అంచులు స్పష్టంగా ఉండాలి, నలుసులు ఉండకూడదు. సాయంత్రం ఐఎస్ఓ పెంచి తీసిన ఫుటేజిలో నలుసులన్నీ కదిలే చుక్కలే అనుకుని అది తికమకపడుతుంది.

వేగంగా పోయే భాగంలోనూ ఒక జబ్బు ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. షట్టర్ 1/100 పెట్టి 50లో తీసి, 25 మీద 400 శాతంలో ఆడిస్తే ప్రతి ఎనిమిదో ఫ్రేము వస్తుంది. రెండు కనబడే ఫ్రేముల మధ్య 0.16 సెకన్ల ఘటన, అందులో బొమ్మ మీద పడిన మసక 0.01 సెకను, అంటే పదహారో వంతు. మామూలుగా 25 ఫ్రేముల వీడియోలో సగం ఉంటుంది. అందుకే ఫాస్ట్ భాగం జారినట్టుండదు, గుచ్చినట్టు టకటకమంటుంది. దీనికి ఫ్రేమ్ బ్లెండ్ (పక్క ఫ్రేములను కలిపి చూపించడం) కొంత మందు. రీటైమ్ ప్రాసెస్ క్లిప్ మొత్తానికి ఒకటే ఉంటుంది కాబట్టి, ర్యాంప్ పూర్తయ్యాక జారుడు మొదలయ్యే చోట కంట్రోల్ + బి తో కోసి, ఎడమ ముక్కకు ఫ్రేమ్ బ్లెండ్, కుడి ముక్కకు నియరెస్ట్ పెట్టండి. కెమెరా ఒకే దిక్కుగా కదులుతుంటే ఆ దిక్కులో కొద్దిగా డైరెక్షనల్ బ్లర్ వేసినా పనికొస్తుంది. అన్నిటికన్నా తేలిక 400ను 300కి, 250కి తగ్గించడం. స్లో భాగం 20 నుంచి 50కి పెరిగింది కాబట్టి, ఫాస్ట్ భాగాన్నీ తగ్గించవచ్చు. 250 నుంచి 50 అంటే ఇప్పటికీ ఐదు రెట్లు, కంటికి చాలు.

ఫాస్ట్ భాగంలో చేతి వణుకు కూడా నాలుగు రెట్లవుతుంది. స్టెబిలైజ్ చేయాలి (వణుకు తీసేయాలి), అయితే వరస తప్పకూడదు. ముందు స్టెబిలైజ్, తర్వాత ర్యాంప్. ఇక్కడ ఒక గుంత ఉంది. 25 టైమ్‌లైన్‌లో క్లిప్‌ను కాంపౌండ్ క్లిప్‌గా (మూటకట్టిన క్లిప్‌గా) మార్చి దాని మీద ర్యాంప్ వేస్తే, ఆ కాంపౌండ్ 25 ఫ్రేములదే అవుతుంది. మీ అదనపు ఫ్రేములన్నీ లోపలే పోయాయి, 50 శాతంలో మళ్లీ తుంపులు. కాబట్టి 50 ఫ్రేముల టైమ్‌లైన్ ఒకటి విడిగా తెరిచి, క్లిప్‌ను అక్కడ స్టెబిలైజ్ చేసి, డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ హెచ్‌క్యూ అనే ఎడిటింగ్ ఫార్మాట్‌లో 50 ఫ్రేములతోనే రెండర్ చేయండి. పది సెకన్లకు దాదాపు 450 మెగాబైట్లు పడుతుంది, పనయ్యాక తీసేయవచ్చు. ఆ ఫైలు మీద ర్యాంప్ కట్టండి.

ప్రీమియర్ ప్రోలో చేసేవాళ్లకు ఇదే లెక్క, మీటలు వేరు. క్లిప్ మీది ఎఫ్ఎక్స్ గుర్తు మీద కుడి క్లిక్, టైమ్ రీమ్యాపింగ్, స్పీడ్. అడ్డంగా వచ్చిన గీత మీద కంట్రోల్ పట్టి క్లిక్ చేస్తే కీఫ్రేమ్ పడుతుంది. గీతను పైకీ కిందికీ లాగితే వేగం. కీఫ్రేమ్ రెండు సగాలను విడదీసి లాగితే వాలు, మధ్యలో నీలం పిడి తిప్పితే వంపు. అక్కడ ధ్వని వేగం మారదు, మామూలుగానే ఉండిపోతుంది. వార్ప్ స్టెబిలైజరూ వేగం మార్పూ ఒకే క్లిప్ మీద ఒప్పుకోదు, నెస్ట్ చేయాలి (కాంపౌండ్ లాంటిదే). ఆ నెస్ట్ కూడా 50 ఫ్రేముల సీక్వెన్స్‌లో చేసి తెచ్చిందై ఉండాలి, కారణం పైన చెప్పిందే.

ఫోన్‌లోనే వీఎన్ లాంటి యాప్‌తో చేసేవాళ్లు స్పీడ్‌లో కర్వ్ ఎంచుకుని చుక్కలు తామే పెట్టుకోవాలి. తయారుగా ఉన్న నమూనాలు మీ తాడు ఎప్పుడు బిగిసిందో ఎరగవు. ఫోన్ ఫుటేజి కంప్యూటర్‌కు తెచ్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. వాట్సాప్‌లో వీడియోగా పంపుకోవద్దు, కేబుల్‌తో తీసుకోండి. ఇక ఫోన్లు సెకనుకు ఇన్ని ఫ్రేములని గట్టిగా పట్టుకోవు, వెలుతురు తగ్గితే వాటంతటవే తగ్గిస్తాయి. అలాంటి ఫైలు మీద ర్యాంప్ లెక్క తప్పుతుంది, మాట పెదవులకు కలవదు. వీడియోలను మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేటు ఎంచుకుని "కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్" పెట్టి, ఆర్ఎఫ్ (నాణ్యత అంకె) 16 నుంచి 18 మధ్యలో ఉంచి మార్చుకోండి.

తీసేటప్పుడే చూసుకోవాల్సింది వెలుతురు. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కల్యాణ మండపంలో కెమెరా 120లో పెడితే, ఆ 120కీ దీపాల 100కీ పొంతన కుదరక సెకనుకు 20 సార్లు వెలుగు ఎగుడుదిగుడవుతుంది. 20.83 శాతానికి దించితే అది సెకనుకు నాలుగుసార్లు కొట్టుకునే మినుకుగా తేలుతుంది. మామూలు వేగంలో అంతగా కనబడనిది స్లోలో బయటపడేది అందుకే. కెమెరా మెనూలో ఎన్‌టీఎస్‌సీ (30, 60, 120 ఫ్రేముల పద్ధతి) నుంచి పాల్‌కు మార్చి 100లో, షట్టర్ 1/100తో తీస్తే ప్రతి ఫ్రేమూ ఒక పూర్తి మినుకును పట్టుకుంటుంది, కాబట్టి వెలుగు నిలకడగా ఉంటుంది. కొన్ని కెమెరాలు ఈ మార్పుకు కార్డు ఫార్మాట్ చేయమంటాయి, అందుకే పెళ్లి మధ్యలో కాదు, ముందురోజే చేసుకోండి. బరిలో పగటి వెలుతురులో ఈ బాధ లేదు, అక్కడ 100 ఫ్రేములకు 1/200 నిస్సంకోచంగా పెట్టవచ్చు.

కెమెరాలో స్లో అండ్ క్విక్ మోడ్‌తో తీస్తే రెండు తేడాలు. ధ్వని రికార్డు కాదు. ఫైలు అప్పటికే స్లో అయి వస్తుంది: 100లో పట్టి 25గా రాసిన ఫైలుకు సాఫ్ట్‌వేర్‌లో 100 శాతమంటే నిజానికి పావు వేగం. మామూలు వేగం కావాలంటే 400, నాలుగు రెట్ల వేగం కావాలంటే 1600 పెట్టాలి. ర్యాంప్ కోసమైతే ఆ మోడ్ వద్దు, మామూలు 50 లేదా 100లో ధ్వనితో తీయండి.

ధ్వని దగ్గరే మంచి ర్యాంప్ నిలబడుతుంది, పడిపోతుంది కూడా. రిజాల్వ్‌లో వేగంతో పాటు క్లిప్ ధ్వనీ సాగుతుంది. శ్రుతి సరిదిద్దకపోతే 50 శాతంలో శబ్దం ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి, 25లో రెండు స్థాయిలు కిందికి దిగి, జనం కేకలు గుహలో మూలుగుల్లా ఉంటాయి. కాబట్టి ర్యాంప్ కట్టకముందే కంట్రోల్ + ఆల్ట్ + ఎల్ తో బొమ్మనూ ధ్వనినీ విడదీయండి. ఫాస్ట్ భాగం కింద జనం హోరు మామూలు వేగంలోనే ఉంచి, తాడు బిగిసే చోటికి పెరిగేలా చేయండి. స్లో మొదలవడానికి రెండు మూడు ఫ్రేముల ముందే హోరు మొత్తం కోసేయండి. స్లోలో ఒకే ఒక్క శబ్దం ఉండనివ్వండి: గిత్త ఊపిరి, లేదా మువ్వల చప్పుడు, లేదా బండ నేలను గీరే ఒరిపిడి. 100 శాతానికి ఎక్కుతుంటే కేకలు తిరిగి రావాలి. ఇందుకోసం పోటీ రోజున వీడియో సంగతి వదిలేసి ముప్పై సెకన్లు ఉత్త ధ్వని, వీలైనంత దగ్గర నుంచి, విడిగా రికార్డు చేసుకోండి. గిత్తలు ఆగి ఉన్నప్పుడు మువ్వలు, లాగేటప్పుడు బండ, రెండూ.

డప్పు మీదో పాట మీదో వేగం మారాలంటే 1500ను పాట బీపీఎంతో (నిమిషానికి దెబ్బల సంఖ్యతో) భాగించండి, 25 టైమ్‌లైన్‌లో ఒక దెబ్బకు ఎన్ని ఫ్రేములో వస్తుంది. 100కి 15, 125కి 12. 120 అయితే 12.5 వస్తుంది, అరఫ్రేము లేదు కాబట్టి ప్రతి రెండో దెబ్బను, అంటే 25 ఫ్రేములకోసారి పట్టుకోండి. దెబ్బ మీద పడాల్సింది జారుడు మొదలు కాదు, తాడు బిగిసే ఫ్రేము. ముందు దాన్ని దెబ్బ మీద కూర్చోబెట్టి, ఎడమకు ఎంత ఫాస్ట్ భాగం మిగిలితే అంత ఉంచి, మొదలు కత్తిరించండి.

ముందు టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటు ఎంతుందో చూసి రాయండి. 25 ఉండి కూడా 50 శాతంలో తుంపులు వస్తుంటే క్లిప్ మీద కుడి క్లిక్ చేసి "క్లిప్ ఆట్రిబ్యూట్స్"లో వీడియో ఫ్రేమ్ రేటు 50 అని ఉందో, ఎవరైనా 25 చేశారో కూడా చూడండి. అక్కడ 25 ఉంటే మీ 100 శాతమే నిజానికి సగం వేగం, 50 అంటే పావు. పైన వేసిన అంకెలన్నీ అప్పుడు రెట్టింపు చేసుకోవాలి.